మాంటియో బాప్తిస్మం: రోనోక్ వలసపై ఒక పరిశీలన

ప్రొటెస్టెంట్ మిషన్ చరిత్రను మనం సాధారణంగా 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్‌తోనో, 1793లో బెంగాలుకు వచ్చిన విలియం కేరీతోనో ఆరంభిస్తాము. అయితే 1587లోనే అమెరికా తూర్పు తీరాన ఆంగ్లేయులు ఒక స్థానికునికి బాప్తిస్మమిచ్చారు. అక్కడ వారిచ్చినట్లు నమోదైన తొలి బాప్తిస్మం అదే. దాని నేపథ్యాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రైస్తవ రాజుల ఏలుబడిలో లేని దేశాలను వెదకి స్వాధీనం చేసుకునే హక్కును 1584లో ఎలిజబెత్ రాణి వాల్టర్ రాలీకి ఇచ్చింది. ఆ ఏడాదే అతని ఓడలు నేటి ఉత్తర కెరొలైనా తీరం నుండి మాంటియో, వాంచీస్ అనే ఇద్దరిని ఇంగ్లాండుకు తీసుకువచ్చాయి. థామస్ హారియట్ అనే పండితుడు వారి అల్గాంకియన్ భాష నేర్చుకొని, దానికి లిపి కూర్చాడు. 1585లో రోనోక్ ద్వీపానికి వెళ్లి, అక్కడివారికి బైబిలును గూర్చి వివరించాడు. వారు ఆ గ్రంథాన్ని తాకి, ముద్దుపెట్టుకొని, గుండెలకు హత్తుకున్నారు. శక్తి పుస్తకంలో కాదు, అందులోని బోధలో ఉందని తాను చెప్పినట్లు 1588లో ప్రచురించిన నివేదికలో అతడు వ్రాశాడు.

కాని ఆ యాత్రలోనే, వెండి గిన్నె ఒకటి పోయిందని ఆంగ్లేయులు ఒక గ్రామాన్ని, దాని పైరును తగులబెట్టారు. వారు అడుగుపెట్టిన గ్రామాలలో తెలియని వ్యాధితో జనం మరణించారు. 1586 జూన్ 1న గవర్నరు రాల్ఫ్ లేన్ మాట్లాడే నెపంతో వెళ్లి, వింగినా అనే నాయకుణ్ణి చంపించాడు. దాడికి అతడు పెట్టిన సంకేతం క్రీస్తు విజయాన్ని చాటే మాట! సిలువ వేయబడినవాని నామం తుపాకులకు సైగ అయింది.

1587లో జాన్ వైట్ నాయకత్వాన స్త్రీలు, పిల్లలతో సహా వందకు పైగా వలసదారులు వచ్చారు. ఆగష్టు 9న శత్రువులనుకొని, మాంటియో స్వజనులైన క్రొయటోవన్లపైనే దాడి చేశారు. 13న మాంటియోకు బాప్తిస్మమిచ్చి, నమ్మకమైన సేవకు బహుమానంగా రోనోక్ ప్రభువని ప్రకటించారు. ఇది రాలీ ఆజ్ఞ. మాంటియో విశ్వాసపు ఒప్పుకోలు గురించి వైట్ కథనంలో ఒక్క మాటా లేదు.

సహాయం కోసం ఇంగ్లాండు వెళ్లిన వైట్ 1590లో తిరిగి వచ్చేసరికి వలస ఖాళీగా ఉంది. ఒక స్తంభంపై "క్రొయటోవన్" అని చెక్కి ఉంది. ఆపదకు గుర్తుగా చెక్కమన్న సిలువ లేదు. బహుశా వారు, తాము గాయపరచిన ప్రజల చెంతనే ఆశ్రయం వెదకి ఉంటారు.

బాప్తిస్మం కృపకు గుర్తు. రోనోక్‌లో అది విధేయతకు బహుమతి అయింది. సేవకులమైన మనం గమనించవలసినది ఇదే: భాష నేర్చుకుంటే చాలదు. సువార్త వినేవారు దానిని తెచ్చినవారి చేతులను కూడా చూస్తారు.