పెద్దవారికి తగిన తొలి పుస్తకము

వయస్సు వచ్చినవారికి చదువు రాకపోవుటకు బుద్ధిమాంద్యమే కారణమని మనలో పెక్కురి తలంపు. నెల్లూరు జిల్లా చరిత్ర యీ తలంపును ఖండించుచున్నది.

1990లో ఈ జిల్లాయందు అక్షరదీపమను పేర వయోజనులకు చదువు నేర్పు నుద్యమము బయలుదేరెను. పగలెల్ల శ్రమించిన స్త్రీలు రాత్రులందు పలక పట్టిరి. వారు చదివిన పాఠములలో సీతమ్మకథ యొకటి. సారావలని సంసారదుఃఖము దాని వస్తువు. అది వారికి తమ యింటి కథయే. 1992 నాటికి దూబగుంట స్త్రీల సారావ్యతిరేకోద్యమము జిల్లాయంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధింపబడెను. ఇదంతయు చదువువలననే జరిగెనని మేమనము. ఆ స్త్రీలు పడిన బాధయే మూలము. కాని తమ బ్రదుకును గూర్చిన పాఠము దొరకినప్పుడు పెద్దవారు చదువుదురనుట నిశ్చయము.

అయినను విషయము తగినదైనంత మాత్రమున చాలదు. అక్షరక్రమమును తగినదై యుండవలెను. మన వాచకములు మొట్టమొదటనే 'అ' కు 'అమ్మ' యని చెప్పును. 'మ' యే యెరుగనివాని యెదుట దాని యొత్తును పెట్టుట యిది! పసివాడు వల్లించి దాటిపోవును. పెద్దవాడు బొమ్మను చూచి యూహించును. ఊహ తప్పినచో సిగ్గుపడి పుస్తకము మూయును.

దీనికి ఉపాయము కలదు. వెంకటాచలమునుండి యొక రైలుమార్గము కృష్ణపట్టణపు రేవునకు పోవుచున్నది. ఆ తీరమున చేపలు పట్టి జీవించువానికి త, న, ప, డ, వ, ల అను ఆరక్షరముల ధ్వనులను ముందు నేర్పుదము. గుణింతము లేదు, ఒత్తు లేదు. వెంటనే 'తన పడవ, తన వల' యని ధ్వనికి ధ్వని కూర్చి యతడు తానే చదువగలడు. పిమ్మట దీర్ఘమొక్కటి చేర్చిన 'పాత నావ, పాత వల' యగును. ఇట్లు నేర్చిన యక్షరములతోడనే కూర్చిన పుస్తకమున ఊహకు పనిలేదు. మన లిపిలో అక్షరము పేరే దాని ధ్వని. ఇంగ్లీషున కీ సదుపాయము లేదు. మనవారు తడబడునది గుణింతములయందు, ఒత్తులయందు. వానిని ఒక్కొక్కటిగా, తగినంత చదివించిన పిమ్మటనే చేర్చవలెను.

పై తరగతులకు వచ్చియు కూడబలుకుకొను బాలుడు, మన యింట పనిచేయుచు చీటి చదువలేని యామె, ఇరువురకును కావలసినది ఇట్టి పుస్తకమే. అక్షరములు కొలదిగా నుండవచ్చును. అందలి మాట మాత్రము పసిమాట కారాదు. చదువరులారా, అట్టి పుటలు నాలుగు మీ చేతితోనే వ్రాసి, మీ యింటనే యారంభింపుడు.