పాపక్షమాపణ: బాప్తిస్మం తరవాతి ప్రశ్న

కొత్త నిబంధన గ్రీకు మూలంలో పాపానికి వాడిన ప్రధాన పదం 'హమార్తియా'. గురి తప్పడం దాని పాత అర్థం. పౌలు మాత్రం రోమీయులకు రాసిన పత్రికలో ఈ మాటను ఒక్కొక్క తప్పు పనికి కాక, మనిషిని లోబరచుకొని ఏలే శక్తికి పేరుగా వాడి, మేలు చేయగోరి చేయలేకపోయే మనిషి నిస్సహాయతను ఏడో అధ్యాయంలోనూ, ఆత్మను అనుసరించి నడిచే జీవితాన్ని ఎనిమిదో అధ్యాయంలోనూ పక్కపక్కనే నిలిపాడు. ఆ అధ్యాయాల్లో ఆత్మకు ఎదురుగా నిలిపిన 'శరీరం' అంటే రక్తమాంసాల దేహం కాదు, దేవుణ్ణి విడిచి తన మీదే ఆధారపడే మానవ స్వభావం. బాప్తిస్మం వెనుకటి పాపాలన్నిటినీ కడుగుతుందని తొలి సంఘం నమ్మింది. ఆ తరవాత చేసిన పాపం సంగతేమిటన్న ప్రశ్నకు మాత్రం దాని దగ్గర ఒకే సమాధానం లేదు. తరవాతి చరిత్రను నడిపింది ఎక్కువగా ఈ ప్రశ్నే.

రెండో శతాబ్దపు రోములో వెలువడిన 'హెర్మాసు కాపరి' అనే గ్రంథం బాప్తిస్మం పొందినవాడికి మరొక్క పశ్చాత్తాపానికి చోటిచ్చింది. 250లో డెసియస్ చక్రవర్తి ప్రజలంతా దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం పొందాలని ఆజ్ఞాపించినప్పుడు ఎందరో క్రైస్తవులు బలి అర్పించారు, మరికొందరు లంచమిచ్చి పత్రం మాత్రం సంపాదించారు. హింస తగ్గాక వీళ్లు తిరిగి వస్తే, క్షమించే అధికారం సంఘానికి లేదని రోములో నొవేషియన్ అనే గురువు 251లో వేరుపడగా, కార్తేజ్ బిషప్ సిప్రియన్ దీర్ఘ పశ్చాత్తాపం తరవాత చేర్చుకోవచ్చన్నాడు. సిప్రియన్ ఆ హింసాకాలంలో అజ్ఞాతంలో గడిపినవాడు కనుక విమర్శకులు ఆ మాట ఎత్తిపొడవకుండా ఉండలేదు. 258లో అతను శిరచ్ఛేదానికి తల ఒగ్గాక గాని ఆ నింద తీరలేదు.

ఇలా స్థిరపడిన బహిరంగ పశ్చాత్తాపం కఠినమైనది: ఘోరపాపి ప్రభు భోజనానికి దూరమై, సంఘం ఎదుట దీనుడై నిలవాలి, ఆ అవకాశమూ జీవితంలో ఒక్కసారే. అందుకే బాప్తిస్మాన్నే చివరి ఘడియదాకా వాయిదా వేసుకున్నవాళ్లున్నారు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 337లో మరణానికి కాస్త ముందు మాత్రమే దానిని పొందాడు. ఇంతలో పాపం ఎక్కడ మొదలవుతుందన్న వాదమూ రేగింది. ఆదాము దోషం మనిషికి పుట్టుకతోనే సంక్రమిస్తుందనీ, దేవుని కృప లేనిదే సంకల్పం సైతం నిలవదనీ బిషప్ అగస్టీన్, మనిషి స్వశక్తితో మంచిగా బ్రతకగలడన్న పెలాగియస్‌పై వాదించగా, 418 నాటి కార్తేజ్ సభ అదే పక్షం వహించింది. తూర్పు సంఘాలు ఈ వారసత్వ దోషాన్ని అంత గట్టిగా పట్టుకోక, పాపాన్ని వ్యాధిగా, క్షమను చికిత్సగా చూడడానికే మొగ్గాయి.

పశ్చిమంలో అసలు మలుపు ఆరో శతాబ్దపు ఐర్లండ్ మఠాలలో వచ్చింది. అక్కడి సన్యాసులు పాపాన్ని గురువు చెవిలో రహస్యంగా చెప్పించి, ఫలానా పాపానికి రొట్టె, నీళ్లతో ఇన్ని రోజుల ఉపవాసమని పట్టికలు రాసిపెట్టారు. పదేపదే క్షమాపణ పొందే ఈ అలవాటును 589లో టొలెడో సభ ఖండించింది గాని ఆపలేకపోయింది. 1215లో నాలుగో లాటరన్ సభ ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారైనా పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. చూడడానికి లెక్కల పద్దులా ఉన్న ఐర్లండ్ మఠాల పట్టిక పాత కాఠిన్యం కన్నా దయగలదే, ఎందుకంటే పడినవాడు మళ్లీ లేవడానికి అది దారి ఇచ్చింది. అయితే ఉపవాసానికి బదులు సొమ్ము చెల్లించే పద్ధతీ ఆ లెక్కల నుంచే పుట్టింది. శిక్షను తగ్గించే మినహాయింపు పత్రాల వ్యాపారం దానికి దూరపు చుట్టం కాదు.

1516లో పండితుడు ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేశాక, లాటిన్ బైబిలు ప్రాయశ్చిత్తం చేయమన్నట్టు వినిపించిన చోట గ్రీకు 'మెటనోయా' మనసు మారడాన్నే చెబుతున్నదని పండితులకు స్పష్టమైంది. విశ్వాసి బ్రతుకంతా పశ్చాత్తాపమే కావాలని జర్మన్ సన్యాసి లూథర్, మినహాయింపు పత్రాల వ్యాపారాన్ని ప్రశ్నిస్తూ 1517లో రాసిన ప్రతిపాదనలలో మొదటిదానిలోనే అన్నాడు. క్రీస్తు నీతి బయటి నుంచి ఆరోపితమవుతుంది కనుక విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని అతని బోధ. నీతి బయటి నుంచి ఆరోపితమయ్యేది మాత్రమే కాదనీ, లోపలి మనిషి కూడా నూతనమవుతాడనీ కతోలికుల ట్రెంట్ సభ 1547లో బదులిచ్చింది. ఈ వివాదంలోని మూలాంశాలపై లూథరన్లు, కతోలికులు ఉమ్మడి ప్రకటన చేయడానికి 1999 దాకా పట్టింది.

క్షమ దొరికింది సరే, ఆపై జీవితం ఎవరి బలంతో సాగాలి? రోమీయుల పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను 1738లో లండన్‌లో వింటూ మనసు వెచ్చబడిన ఆంగ్ల బోధకుడు జాన్ వెస్లీ, ఆత్మ మనిషిని ఈ లోకంలోనే ప్రేమలో పరిపూర్ణుణ్ణి చేయగలదన్నాడు. ఆ బోధ నుంచి ఎదిగిన పరిశుద్ధతా ఉద్యమం, పూర్వం బానిసలుగా బ్రతికిన దంపతుల కుమారుడు విలియం సేమూర్ చేతిలో, 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో పెంతెకొస్తు ఉద్యమంగా రగిలింది. అన్యభాషలు మాట్లాడడం అక్కడ ఆత్మ బాప్తిస్మానికి గుర్తయింది. గలతీయుల పత్రిక మాత్రం ప్రేమ, దీర్ఘశాంతం వంటి వాటిని ఆత్మ ఫలంగా చెప్పి, ఆత్మ ఉనికిని వాటితో పరీక్షించుకోవచ్చని సూచించింది. ఆ నిదానమైన పరీక్ష ఈ కొత్త ఉత్సాహంలో కొంత వెనకబడిందనక తప్పదు.

ఈ వివాదం ఆనవాళ్లు తెలుగులోనూ ఉన్నాయి. తెలుగు కతోలికులు నేటికీ గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. ప్రొటెస్టెంట్లు చదివే తెలుగు బైబిలు లేవీయకాండపు బలుల దగ్గర 'ప్రాయశ్చిత్తం' అన్న మాటను వాడి, 'మెటనోయా'కు మాత్రం 'మారుమనస్సు'ను ఎంచుకుంది.