ఈమెయిలు చర్చలలో పూర్వపక్ష మర్యాద

పరుని మాటను ఖండింపబూనినవాడు ముందుగా ఆ మాటను ఉన్నదున్నట్లు వినిపించి, పిమ్మటనే తన సమాధానమును చెప్పవలెనను నియమము మన శాస్త్రకారులకు పూర్వపక్షమను పేర సుపరిచితము. వ్యాఖ్యాతలు శ్లోకమునంతను మరల వ్రాయక, తొలి పదములను మాత్రము ప్రతీకముగా గ్రహించి, పాఠకుని దృష్టిని వలసినచోట నిలిపి, వివరణమునకు గడంగెడివారు. మెదకు సీమకు చెందిన వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి, మూలము లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది పలుకననియు ప్రతిన పూనెను. పరుని మాటను ముందుంచి బదులిచ్చు ఇదే ధర్మము ఇరువదవ శతాబ్దిని అమెరికాలో, మన శాస్త్రములతో ఏ సంబంధమును లేనివారి నడుమ, కేవలము అవసరమువలన మరల పుట్టినది.

1971లో రే టామ్లిన్‌సన్ ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు ఈమెయిలు లేఖ పంపెను. వచ్చిన లేఖనుండియే చిరునామాను గ్రహించి జవాబు వ్రాయు సదుపాయమును 1975లో జాన్ విట్టల్ తన 'ఎమ్మెస్జీ' ప్రోగ్రాములో కల్పించెను. అయినను ఉటంకింపు మర్యాద రూపుదిద్దుకొన్నది ముఖ్యముగా యూజ్‌నెట్‌లోనే. డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో తలపెట్టిన ఈ వ్యవస్థలో, సందేశములు టెలిఫోను తీగలపై ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు చేతులు మారుచు ప్రయాణించెడివి. ఒకచోట ప్రశ్నకంటె ముందే ప్రత్యుత్తరము చేరెడిది, మరియొకచోట స్థలము చాలక ప్రశ్న అప్పటికే చెరిపివేయబడి యుండెడిది. ఏ మాటకు బదులిచ్చుచున్నారో తెలియవలెనన్న, ఆ మాటను జవాబులోనే చేర్పక తప్పినది కాదు. పంక్తి మొదట నిలిపిన కోణపు గుర్తు (>) పరుని మాటకు చిహ్నమయ్యెను. రెండు గుర్తులున్నచో అది అంతకు ముందువాని మాట. శాస్త్రగ్రంథములలో 'ఇతి చేత్' (అని యందువేని) అను రెండు పదములు చేయు పనిని ఈ చిన్న గుర్తు నిర్వహించినది.

కాని ఉటంకింపునకు వెల యుండెను. సెకనుకు 300 బిట్ల మోడెమ్‌పై సుమారు 30 అక్షరములే వచ్చెడివి. 80 అక్షరముల పంక్తులు 24 గల తెర నిండుటకు నిమిషమునకు పైగా పట్టెడిది. పూర్వలేఖనంతను దింపి, చివర 'నేనును అంగీకరించుచున్నాను' అని యొక్క పంక్తి చేర్చువాడు ఎందరి కాలమును, ధనమును హరించెనో ఊహింపవచ్చును. కొన్ని ప్రోగ్రాములు కొత్త పంక్తులకంటె పాత పంక్తులు అధికమైన సందేశమును నిరాకరించినవి; జనులు కోణపు గుర్తును మార్చియో, వట్టి పంక్తులను చేర్చియో దానిని దాటిపోయిరి. ఔచిత్యమును పంక్తుల లెక్కతో కొలువబోయిన ప్రయత్నము అట్లు విఫలమగుట సహజమే.

1995 అక్టోబరులో ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హామ్‌బ్రిడ్జ్ కూర్చిన 'ఆర్ఎఫ్‌సీ 1855' అను అంతర్జాల మర్యాదల పత్రము ఈ ఆచారములను లిఖితరూపమునకు తెచ్చెను. సందర్భము తెలియుటకు చాలినంత మూలమునే ఉంచవలెను. ఒకరి సందేశమును తిరిగి పంపునపుడు మాటలను మార్పరాదు. కుదించినను కర్త పేరు చెప్పవలెను. ఆంతరంగిక లేఖను సమూహమునకు పంపుటకు ముందు అనుమతి కోరవలెను. వీనిలో చివరిదియే మిక్కిలి గొప్పదని నా అభిప్రాయము.

కార్యాలయములలో ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములు వ్యాపించి, జవాబు పైన, పాత లేఖలన్నియు క్రింద నుండు పద్ధతి స్థిరపడినది. ఇరువురి వ్యవహారమునకు అది తగును. పదిమంది పలు విషయములపై వాదించుచోట ఏ సమాధానము ఏ ఆక్షేపమునకో తెలియకుండజేయును. 2004లో వచ్చిన జీమెయిలు పాత భాగమును మడిచి దాచినది. కంటికి కనబడనిదానిని కత్తిరించువారెవరు?

తెలుగువారు ఈ రంగమున వెనుకబడలేదు. రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్టీఎస్ లిపిలో తెలుగును ఆంగ్లాక్షరములతో వ్రాసి యూజ్‌నెట్‌లోను, తరువాత యాహూ గ్రూపులలోని 'రచ్చబండ'లోను సాహిత్యచర్చలు సాగించిరి. ఆ లిపిలో ఒక పెద్దక్షరము చిన్నదైనచో 'పాట' కాస్త 'పాత' యగును గనుక, పరుని మాటను అక్షరము చెదరకుండ ఉటంకించుట మనవారికి మరింత కఠినమైన నియమమయ్యెను. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న మూతపడినవి. ఆనాటి లేఖలు మీ పాత కంప్యూటర్లలో ఉన్నచో, దయచేసి వానిని భద్రపరచుడు. శుభ్రపరచు నెపమున ఆ కోణపు గుర్తులను మాత్రము తొలగింపకుడు.