65 దగ్గర హోరు

ఫ్రీమాంట్ దాటాక 680 హైవే సునోల్ కొండ ఎక్కుతుంది. మీరు నాలుగో గేరులో ఉన్నారు. అదే చివరి గేరు. 1972 డాట్సన్ 240జెడ్‌కి అమెరికాలో ఐదోది ఇవ్వలేదు. స్పీడోమీటర్ ముల్లు 60 మైళ్లు దాటింది. ఇంతదాకా బాగుంది. ముందున్న ఆరు సిలిండర్లు గొంతు విప్పుతున్నాయి, వెనకాల కొత్త సైలెన్సర్ వంత పాడుతోంది. డబ్బు పోసింది దీనికోసమే కదా.

62. 63. 65.

హోరు మొదలైంది.

చెవులకన్నా ముందు కణతలకి తెలుస్తుంది. తర్వాత వీపుకి. లోపలి అద్దంలో వెనక ట్రక్కు మసకబారింది, అద్దమే వణుకుతోంది మరి. పక్క సీట్లో మీ బావ పెదాలు కదుపుతున్నాడు. మాట అందడం లేదు.

"ఏంటి బావా?"

"నూట యాభై!" శబ్దాన్ని గీతలుగా చూపిస్తున్న ఫోనుని మీ వైపు తిప్పబోయి ఆగాడు. "నువ్వు రోడ్డు చూడు, నేను చెప్తా. నూట యాభై హెర్ట్జ్ దగ్గర ఒకటే గీత, పైకంటా పోయింది. మిగతావన్నీ అడుగున ఉన్నాయి."

టైర్లా? గాలా? తేల్చుకోవడం తేలికే. క్లచ్ తొక్కండి. వేగం తగ్గలేదు, హోరు మాత్రం చప్పున పోయింది. అయితే టైర్లూ కాదు, గాలీ కాదు. ఇప్పుడు మూడో గేరు. ఇంజిన్ ముల్లు 3,000 నుంచి 4,000 దగ్గరికి ఎగిరింది. చప్పుడు పెరిగింది, అయినా కణతలు తేలికపడ్డాయి. మళ్లీ నాలుగు వేయండి. మళ్లీ హోరు.

లెక్క అక్కడే ఉంది. ఇలాంటి ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి మూడుసార్లు పేలుతుంది. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకి 50. మూడింతలు చేస్తే 150. బావ ఫోనులో ఉన్నది అదే. పైగా ఈ కారులో డిక్కీకీ మీకూ మధ్య గోడ లేదు. వెనక తలుపు నుంచి మీ సీటుదాకా ఒకటే డొల్ల. ఖాళీ బిందెలో మూతిపెట్టి కూనిరాగం తీస్తే ఏదో ఒక స్వరం దగ్గర బిందంతా మోగుతుంది చూడండి, ఇదీ అంతే. కాకపోతే ఈసారి మీరు బిందె లోపలున్నారు.

"తల పోటుగా ఉంది," అంటాడు బావ. మీకూ ఉంది. హోరు వల్లే అనుకుంటారు.

బావ ఆవులించాడు. కాసేపటికి మళ్లీ ఆవులించాడు. ఫోను ఒళ్లోకి జారింది, తీసుకోలేదు. కాలిన పెట్రోలు వాసన మీ ముక్కుకి తగిలింది. ఎప్పటినుంచో తగులుతోందని ఇప్పుడే తెలుస్తోంది.

కిటికీ దింపండి. రెండు చుట్లు. చల్లగాలి కొట్టింది. వాసన తగ్గాలి.

పెరిగింది.

ఇది హోరు తెచ్చిన నొప్పి కాదు.

"బావా."

పలకలేదు.

"బావా! లే!"

కళ్లు తెరిచాడు. మూశాడు. ఇండికేటర్. అద్దం. కుడివైపు ట్రక్కు. పోనివ్వండి. పోయింది. ఇప్పుడు. ఆండ్రాడి రోడ్డు బోర్డు. దిగండి. బ్రేకు. పక్కకి. ఇంజిన్ ఆపండి. మీ తలుపు. అతని తలుపు. భుజం పట్టండి. బయటికి.

గాలి.

బావ కంచె పట్టుకుని నిలబడ్డాడు. మీ చేతిలో ఫోను, తెరమీద 911, ఇంకా నొక్కలేదు. పేరు అడిగితే చెప్పాడు. ఇవాళ ఏ వారమో చెప్పాడు. "నిద్రొచ్చిందనుకున్నా," అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. మాట తడబడినా, మనిషి తూలినా మీ వేలు ఆగేది కాదు.

మీకు పట్టినది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మీకు తగిలిన వాసన దాని వెంట వచ్చిన మిగతా పొగది, అది మీ అదృష్టం. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పాత కార్బ్యురేటర్ ఇంజిన్, కాటలిటిక్ కన్వర్టర్ లేని కాలం. ఈ పొగలో అది దండిగా ఉంటుంది. మరి కిటికీ తెరిస్తే ఎందుకు పెరిగింది? పరుగెత్తే కారు వెనక గాలి సుడి తిరుగుతూ పొగని అక్కడే తిప్పుతుంది. కిటికీ లోపలి గాలిని బయటికి లాగేస్తుంది. ఆ ఖాళీ పూడ్చడానికి వెనక తలుపు సందుల్లోంచి ఆ పొగే లోపలికొస్తుంది. 240జెడ్ ఉన్నవాళ్లు చాలామంది తిట్టుకునే జబ్బు ఇది.

కారు ట్రక్కెక్కి ఇంటికొచ్చింది. మీరు వేరే బండిలో వచ్చారు.

శనివారం, గరాజ్. వెనక తలుపు సందులో డాలరు నోటు పెట్టి మూయండి. లాగండి. పట్టుకోలేదు, సులువుగా జారి వచ్చేసింది. అంటే రబ్బరు పట్టీ చచ్చిపోయింది. వెనక దీపాల కింది గాస్కెట్లు మీ వేళ్లలో పొడి అయ్యాయి. ఇక టెయిల్ పైపు: అందం కోసమో ఏమో, మీకన్నా ముందు ఈ కారు నడిపినవారు బంపర్ లోపలికి కోయించారు. పొగ వెనక్కి పోకుండా కారు అడుగునే చుట్టుకుంటోంది. పట్టీ కొత్తది, గాస్కెట్లు కొత్తవి, పైపు బంపర్ దాటి బయటికి. ఇవి అయ్యేదాకా స్వరం మాట ఎత్తకండి.

తర్వాత కారు కిందకి దూరండి. జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టారా? ఊపి చూడండి. ఇప్పుడు పైన చేతికందేంత దూరంలో సైలెన్సర్, దాని పక్కనే పెట్రోలు ట్యాంకు. వెల్డింగ్ మిషన్ గుమ్మంలో సిద్ధంగా ఉంది. ఇక్కడే, పడుకునే, రెండు టాకాలు వేసేస్తే పని అయిపోతుంది కదా?

వద్దు. మొత్తం గొట్టం విప్పి కిందకి దింపండి. తుప్పు కళ్లలో పడుతుంది, నట్లు మొరాయిస్తాయి, మధ్యాహ్నం గడిచిపోతుంది. అయినా సరే. నిప్పురవ్వలు ట్యాంకు కింద కాదు, బయట బల్లమీద రాలాలి.

సైలెన్సర్‌లో ఇంకొంచెం గ్లాస్ ఊలు కుక్కుదామంటాడు బావ. అందరికీ ముందు తట్టేది అదే. తిన్నగా పొగ పోయే ఈ రకం సైలెన్సర్‌లో ఊలు మింగేది సన్నటి, కీచు శబ్దాలని. 150 లాంటి మంద్రాన్ని అది దాదాపు ముట్టుకోదు. ఎక్కువ కుక్కితే మీరు ప్రేమించే కేక చస్తుంది, హోరు మిగులుతుంది. పాత పద్ధతిలో అరలున్న సైలెన్సర్ వేస్తే రెండూ పోతాయి. మనకి కావలసింది ఒక్క స్వరాన్ని ఏరి తీసెయ్యడం.

అందుకు బల్లమీద ఉన్నది ఒక గుడ్డి గొట్టం. ప్రధాన పైపుకి పక్కన రంధ్రం చేసి దీన్ని అతికిస్తారు, వంచి పైపు పక్కనే పడుకోబెడతారు, కొస మూసేస్తారు. జె అక్షరంలా ఉంటుంది. తరంగం దానిలోకి పోయి, మూత తాకి, వెనక్కి వస్తుంది. గొట్టం పొడవు సరిగ్గా పావు తరంగమైతే రానూపోనూ అర తరంగం. బయటికొచ్చేసరికి ప్రధాన పైపులో తరంగం ఎత్తులో ఉంటే ఇది పల్లంలో ఉంటుంది. రెండూ కొట్టుకుపోతాయి.

ఎంత పొడవు? శబ్దవేగాన్ని 150కి నాలుగింతలతో, అంటే 600తో భాగించండి. గది గాలిలో అయితే 57 సెంటీమీటర్లు. కానీ లోపలిది వేడి వాయువు, అందులో శబ్దం ఇంకా జోరుగా పోతుంది. 150 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే 69. గుడ్డి గొట్టంలో పొగ పారదు, నిలిచి ఉంటుంది. ప్రధాన పైపంత వేడెక్కదు. మరి ఎంత వేడి? అది రోడ్డు మీదే తేలాలి. కోసింది అతకదు కాబట్టి 85కి కోయండి. కొసన ఒకదానిలో ఒకటి జారే గొట్టాలు, మూత, క్లాంపు. అమర్చేటప్పుడు పెట్రోలు గొట్టానికీ, తిరిగే షాఫ్ట్‌కీ ఎడం చూసుకోండి.

మళ్లీ 680. ఈసారి డాష్‌బోర్డు మీద అంకెలు చూపే కార్బన్ మోనాక్సైడ్ మీటరు అతికించి ఉంది. బావ ఫోను కన్నా దాన్నే ఎక్కువ చూస్తున్నాడు. "సున్నా," అంటాడు, అడగకపోయినా.

52 మైళ్ల దగ్గర ఏదో తేడా. శబ్దం మధ్యలో చిన్న గొయ్యి పడింది. 65: హోరు అలాగే ఉంది.

"నూట ఇరవై దగ్గర తెగింది," అంటాడు బావ. "నూట యాభై చెక్కుచెదరలేదు."

గొట్టం పొడవెక్కువైంది. దిగండి, ఆపండి, చల్లారనివ్వండి. తొందరపడి చేయి పెడితే చర్మం అంటుకుపోతుంది. మూతని లోపలికి జరపండి, క్లాంపు బిగించండి, మళ్లీ ఎక్కండి. గొయ్యి 130కి వచ్చింది. ఇంకాస్త జరపండి. 140.

ఇంకొంచెం.

63. 64. 65. ఊపిరి బిగబట్టారు. 66. దాటిపోయింది. అద్దంలో వెనక కారు నంబరు చదవొచ్చు.

"అయిపోయిందా?" అన్నాడు బావ. మామూలు గొంతుతో అన్నాడు. వినబడింది.

సునోల్‌లో దిగి నైల్స్ కాన్యన్ రోడ్డు పట్టండి. వాగు పక్కన మెలికలు, పైన రైలు వంతెనలు. రెండో గేరు. వంతెన కిందకి దూరుతూ యాక్సిలరేటర్ తొక్కండి. 3,000 దగ్గర గురగుర, 4,000 దాటాక గొంతు సన్నబడి పైకి లేస్తుంది, 5,000 దగ్గర రాతిగోడలు దాన్ని మీకు తిరిగిస్తాయి. మీరు ఒక్క స్వరమే తీశారు, మిగతాదంతా ఉంది. ఊళ్లోకి రాగానే కాలు తీసెయ్యండి. కాలిఫోర్నియాలో 1975దాకా వచ్చిన కార్లకి పొగ పరీక్ష లేదు గానీ, చప్పుడుకి మినహాయింపు లేదు: ఇంత బరువు కార్ల ఎగ్జాస్ట్‌కి హద్దు 95 డెసిబెల్స్.

మూత వెల్డింగ్ చేసేద్దామంటాడు బావ. చెయ్యకండి, క్లాంపు చాలు. రేపు ఉదయం చల్లటి ఇంజిన్‌తో హైవే ఎక్కితే హోరు మళ్లీ పలకరిస్తుంది. గుడ్డి గొట్టం ఇంకా వేడెక్కలేదు, దాని గొయ్యి 150కి కింద ఎక్కడో ఉంది. భయపడకండి, మీటరు చూడండి, సున్నా ఉంటే మూడో గేరులోనే నాలుగు మైళ్లు పోండి. తర్వాత నాలుగు వేయండి.