పన్నెండు మెట్ల కిన్నెర: పాలమూరు సంస్థానాల వెలుపల ఒక వాద్యప్రావీణ్యం

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ప్రసిద్ధి ఉంది. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కూడా పండితులను, అవధానులను ఆదరించాయి. ఈ పోషణ చరిత్రపై పరిశోధన విస్తారంగానే జరిగింది. అదే నేల మీద, ఆ ఆస్థానాల ప్రాకారాలకు వెలుపల తరతరాలుగా నిలిచిన ఒక వాద్యవిద్యకు మాత్రం అంతటి శ్రద్ధ దక్కలేదు. అది డక్కలివారి కిన్నెర.

కిన్నెర ప్రాచీన వాద్యం. 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం కిన్నరీ వీణా భేదాలను వర్ణించింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కిన్నెర వాయించి ఆర్జించి జంగమార్చన చేసిన భక్తుడాయన. శాస్త్రగ్రంథంలోను, భక్తుని చేతిలోను గౌరవం పొందిన ఈ వాద్యం ఆధునిక కాలానికి వచ్చేసరికి దళితులలోనూ అట్టడుగున ఉన్న ఒక ఆశ్రిత కులం చేతిలో మాత్రమే మిగలడం గమనార్హం. డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు, వారికి జాంబపురాణం వినిపించేవారు. వారి జీవనాధారం మిరాశి. అంటే ఏ ఊళ్లు ఏ కుటుంబానికి అన్నది వంశానుగతంగా నిర్ణయమై ఉండేది. సంస్థానాధీశుల వార్షికాలు పండితునికి అందితే, డక్కలి కళాకారునికి అందినది తనకంటే కొద్దిపాటి మెరుగైన స్థితిలో ఉన్న నిరుపేద గృహస్థుల దానం.

వాద్య నిర్మాణం సరళంగా కనిపిస్తుంది. వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, దండిపై మైనంతో అతికిన మెట్లు, వాటి మీదుగా తీగలు. మెట్లు పన్నెండే. ఈ పరిమితిలోనే కళాకారుడు కథ చెప్పాలి, పాట పాడాలి, పాడిన పాదానికి వాద్యంతో బదులు ఇవ్వాలి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య వాదనం విన్నవారికి ఈ బదులే ముందుగా స్ఫురిస్తుంది. గొంతు ఆగిన చోట తీగ అందుకుంటుంది. మాట లేకున్నా మాట నడక వినిపిస్తుంది. ఆయన పాడే కథలు కూడా స్థానికమైనవే: పండుగ సాయన్న, మియాసాబు, ఎండబెట్ల ఫకీరయ్య, వట్టెం రంగనాయకమ్మ. ఎండబెట్ల, వట్టెం ఆ జిల్లా గ్రామాలే. ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన సాయన్న పాలమూరు ప్రజావీరుడు. ఆస్థాన కావ్యాలలో చోటు దొరకని మనుషులకు కిన్నెరే కావ్యమైంది.

పరిమిత స్వరాలతో సాధించే ప్రావీణ్యానికి ఐరోపాలో ఒక ఉదాహరణ ఉంది. 17, 18 శతాబ్దాల బరోక్ ట్రంపెట్‌కు మీటలు లేవు, రంధ్రాలు లేవు. సహజంగా పలికే స్వరశ్రేణి తప్ప వేరే ఆధారం లేదు. ఆ శ్రేణిలో స్వరాలు దగ్గరగా చేరేది పై స్థాయిలోనే. కనుక వాదకుడు పెదవుల బిగువుతో అక్కడే రాగం నడపాలి. లైప్‌జిగ్ నగర వాదకుడు గాట్‌ఫ్రీడ్ రైఖ ఇందులో నిష్ణాతుడు; బాఖ్ రచనలలోని కఠినమైన ట్రంపెట్ భాగాలకు ప్రేరణ ఆయనే. 1734 అక్టోబరు 5న బాఖ్ కృతి ప్రదర్శన జరిగిన మరునాడే ఆయన మరణించాడు. జర్మన్ భూములలో ఈ విద్య 1623 నాటి చక్రవర్తి శాసనంతో రక్షణ పొందిన వృత్తిసంఘానిది; బయటివారికి నిషిద్ధం. సంగీతాభిరుచి మారి, సంఘాలు క్షీణించాక ఆ పై స్థాయి వాదనం లుప్తమై, 20వ శతాబ్దిలో గాని పునరుద్ధరణకు నోచుకోలేదు.

పోలిక ఇంతవరకే చెల్లుతుంది. రెండు చోట్లా విద్య ఒక వర్గం గుప్పిట ఉంది. ఆ వర్గం కదిలితే విద్య కదిలింది. కాని ట్రంపెట్ వాదకునికి ఆ గుప్పిట ప్రతిష్ఠ, రాజాశ్రయం. డక్కలికి అది వెలి. ఐరోపాలో పునరుద్ధరణకు స్వరలిపులు, సంగీత గ్రంథాలు మిగిలాయి. కిన్నెరకు మిగిలినది వాదకుని చేయి, జ్ఞాపకం. కనుక ‘అంతరిస్తున్న కళ’ అన్న మాటను కిన్నెర విషయంలో అలంకారంగా వాడడం సరికాదు. మిరాశి ఊళ్లు దానం ఇవ్వడం మానినప్పుడు ఒక కుటుంబం కూలికి వెళ్తుంది. కొడుకు వాద్యం పట్టడు. అంతటితో ఆ శాఖ ముగుస్తుంది.

2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ చలనచిత్ర గీతం ఆరంభంలో మొగులయ్య గొంతు వినిపించింది. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో దినసరి కూలీగా పనిచేస్తున్న దృశ్యాలు వార్తలలో వచ్చాయి. సినిమా ఆయన పేరును రాష్ట్రమంతటికీ తెలిపిందనడంలో సందేహం లేదు. అయితే అది వాడుకున్నది కొన్ని క్షణాల నాదాన్ని మాత్రమే. రాత్రంతా సాగే కథాగానానికి శ్రోతలను అది తిరిగి తేలేదు. వాద్యాన్ని ప్రదర్శనశాలలో భద్రపరచడం తేలిక. కాని మెట్లు మైనంతో నిలిచినవి. వాదకుడు తన చెవిని బట్టి వాటిని సరిచేసుకుంటాడు. ఆ చెవి లేనిచోట కిన్నెరకు శ్రుతి ఉండదు.