ప్రచ్ఛన్నవేషము, ద్విపాత్రాభినయము: తెలుగు చలనచిత్రములలో ఒక దశాబ్ది (1955–1964)

తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వముతో నారంభించెను. ఆయన రచించిన పదునైదు పర్వములకును ముఖద్వారమై నిలిచినది అజ్ఞాతవాసకథ. వానలు కురియని యేట విరాటపర్వము చదివించు ఆచారము మన పల్లెలలో చిరకాలము సాగినది. రాజు జూదరియై, మహాబలుడు వంటవాడై, గాండీవి నాట్యాచార్యుడై ఒక యేడు గడపిన యీ కథ తెలుగువారి కింతగా నచ్చుటకు పలువురు విమర్శకులు పలు కారణములు చెప్పియున్నారు. వానితోపాటు మేమొకటి చేర్చుచున్నాము. కథలోనివా రందఱును మోసపోవుచుండగా వినువాడు మాత్రము మోసపోడు. బృహన్నల యెవరో విరటున కెఱుకలేదు, ఉత్తర కెఱుకలేదు. అరుగుమీద కూర్చుండి పురాణము వినుచున్న రైతున కెఱుక. రహస్యమును కాపాడు భారము పాండవులతోపాటు వానిమీదను పడుచున్నది.

తెలుగు చలనచిత్రము ఈ సుఖమును బాగుగా గుర్తించినది. 1955 మొదలు 1964 వఱకు వెలువడిన చిత్రములలో మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), ఇద్దరు మిత్రులు (1961), గుండమ్మ కథ (1962), నర్తనశాల (1963), రాముడు భీముడు (1964) అను ఆఱింటను కథ నడచునది వేషము మార్చుటవలననే. ఆఱింట నాల్గింటిలో సావిత్రియే నాయిక. వీనిని కలిపి చూచినయెడల, మనుష్యుడు మఱొకడుగా బ్రదుకుటకు కారణమేమి, దానికి వెల చెల్లించువా రెవరు, ఆ వేష మెట్లు విడిపోవును అను మూడు ప్రశ్నలకు మన సమాజ మిచ్చుకొనిన సమాధానము లెట్లు మాఱినవో తెలియగలదు. చిత్రములను కాలక్షేప వస్తువులుగా నెంచి సాహిత్యచరిత్రకు వెలిగా నుంచుట సరికాదని మా నమ్మకము.

ముందుగా వేషమను మాటను గూర్చి కొంత చెప్పవలెను. ఇంగ్లీషు చదువులు చదివిన విమర్శకులు ప్రచ్ఛన్నవేష మనగానే మోసమును తలంతురు. మన జానపదకళలలో వేషము దాచుటకు గాక చూపుటకు పుట్టినది. పగటివేషగాండ్రు పట్టపగలు ఇంటింటి ముంగిట నిలిచి ఆడుదురు. తెరలేదు, దీపములేదు, దూరములేదు. చూచువానికి వేషగాడును తెలియును, వేషమును తెలియును. వారి అర్ధనారీశ్వర వేషము ప్రసిద్ధమైనది. ఒక్క శరీరమున కుడిభాగము శివుడు, ఎడమభాగము పార్వతి. వేషగాడు చేతిలోని గుడ్డను ముఖమున కడ్డముగా త్రిప్పుచు ఒకసారి ఒక పార్శ్వమును, మఱియొకసారి రెండవ పార్శ్వమును కనబఱచును. ఇరువురు మాటలాడుకొనుచున్నట్లే యుండును. వేషము నిజమును చెప్పగలదని మాచుపల్లి కైఫీయతులోని కథ సాక్ష్యము. సమ్మెట గురవరాజు ప్రజలను పెట్టుచున్న హింసలను కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు కొలువులో కేళికగా నాడి చూపిరనియు, ప్రభువది గ్రహించి గురవరాజును శిక్షించెననియు ఆ కైఫీయతు చెప్పును. నోట చెప్పరాని మాట వేషమున చెప్పబడినది.

నాటకరంగమున స్త్రీపాత్రలను పురుషులు ధరించుట ఈ సంప్రదాయములోనిదే. కూచిపూడి భామాకలాపమునందు సత్యభామ పురుషుడే. ఇరువదవ శతాబ్దిలో స్థానం నరసింహారావుగారు ఈ విద్యకు పరాకాష్ఠ. 1956లో వారిని పద్మశ్రీ బిరుదముతో ప్రభుత్వము సత్కరించెను. సురభి సమాజములవారు మాత్రము స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ధరింపజేసిరి. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ సురభివారి బిడ్డయే. తెరమీద స్త్రీపాత్ర క్రమముగా స్త్రీదే యయ్యెను. పదునేండ్ల ముచ్చట కాదిది. రెండుమూడు తరముల ప్రేక్షకులు పురుషుని సత్యభామను చూచిన కన్నులతోనే తెరమీది సావిత్రిని చూచిరి. మాయాబజార్ రుచి తెలియవలెనన్న ఈ సంగతి మఱవరాదు.

విజయావారి మాయాబజార్ కథ వ్యాసభారతమున లేదు. శశిరేఖాపరిణయముగా నాటకరంగమున వాడుకయందుండి, 1936లోనే ఒకసారి తెరకెక్కినది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో 1957లో మరల వచ్చిన చిత్రమే నేడు అందఱెఱిగినది. 2010లో రంగులద్ది దానిని తిరిగి విడుదల చేసిరి. శశిరేఖ నభిమన్యున కిచ్చెదమని మాట యిచ్చిన బలరామదంపతులు, పాండవులు రాజ్యము కోల్పోగానే మాట మఱచి లక్ష్మణకుమారున కీయ నిశ్చయింతురు. శ్రీకృష్ణుని పన్నుగడచే ఘటోత్కచుడు నిజమైన శశిరేఖను నిద్రలో నుండగానే మంచముతో తరలించి, తాను శశిరేఖ రూపముదాల్చి పెండ్లిపీట లెక్కును.

ఇచ్చట సావిత్రి చేసిన పని నాటకరంగ సంప్రదాయమును తలక్రిందులు చేసినది. స్థానంవారి యందము పురుషుడు కనబడకుండుటలో నున్నది. సావిత్రి యందము పురుషుడు కనబడుటలో నున్నది. స్త్రీ పురుషుడై, ఆ పురుషుడు స్త్రీగా నటించుచు, ఆ నటన నడుమనడుమ జాఱిపోవుచుండవలెను. నడకలో వెడల్పు, చూపులో గర్వము, పెండ్లిపీటమీద వరుని కాలు నలగద్రొక్కుటలో రాక్షసబలము – ఇవి యన్నియు ఒక్క సుకుమారమైన దేహమునుండి వెలువడుచున్నవి. పెండ్లిసంబరపు పాటలో పి. సుశీలగారి కంఠము సాగుచుండగా నడుమ ఘంటసాలవారి కంఠము తొంగిచూచును. పగటివేషగాని గుడ్డ చేయు పనిని ఇచ్చట కంఠము చేసినది. పాత్రకు ఎస్.వి. రంగారావుగారు శరీరమిచ్చిరి, సావిత్రి ఆ శరీరమును తన శరీరములో దాచి మోసెను. ఇట్టి నటన తరువాత మరల వచ్చినదా యని మేమాలోచించితిమి. దీనికి సాటియైనది స్ఫురింపలేదు.

ఈ చిత్రమునే మఱియొక దృష్టితో చూడవలసియున్నది. అందు రెండు మాయావస్తువులు గలవు. ప్రియదర్శిని యను పేటిక తెఱచినవారికి తమ కెక్కువ ప్రియమైనదానిని చూపును. సత్యపీఠము తన్ను త్రొక్కినవానిచేత మనసులోని మాటను చెప్పించును. వేషధారియైన ఘటోత్కచుని పట్టుకొనుటకు ఈ రెంటిలో నేదియు వినియోగపడకపోవుట గమనింపుడు. సత్యపీఠమున చిక్కినవాడు శకుని. ఆతడు వేషము మార్చలేదు, పేరు మార్చలేదు, అందఱియెదుట శకునిగానే తిరిగినాడు. పింగళివారి తీర్పు స్పష్టము: రూపము మార్చినవాడు కపటి కాడు, రూపము మార్చక మనసు దాచినవాడే రెండు బ్రదుకులు బ్రదుకువాడు. వేషము నిజమును చెప్పునను పగటివేషగాండ్ర ధర్మమే ఇది. అయినను నిజమైన శశిరేఖ ఈ ఏర్పాటులో నిద్రించుచునే యుండెనని మఱవరాదు. ఆమె పేరుతో, ఆమె రూపముతో జరిగిన తిరుగుబాటు ఆమెచేత జరుగలేదు.

దీనికి రెండేండ్లకు ముందే అదే సంస్థ, అదే నాయికతో మిస్సమ్మను తీసినది. ఎల్.వి. ప్రసాద్ గారు దర్శకులు. మూలము రవీంద్రనాథ మైత్ర బెంగాలీ రచన మన్మయీ గర్ల్స్ స్కూల్. పాఠశాలకు పట్టభద్రులైన దంపతులే కావలెనని ప్రకటన. నిరుద్యోగులైన రావు, మేరీ అను నిరువురు దంపతులమని చెప్పుకొని ఉద్యోగమున చేరుదురు. రావు హిందువు, మేరీ క్రైస్తవురాలు. శాపము లేదు, శపథము లేదు, దేవుని మాయ లేదు, నెలజీతము కలదు. తెలుగు తెరమీద ప్రచ్ఛన్నవేషమునకు కారణము జీవనోపాధిగా మాఱిన ఘట్టములలో దీనిని ముఖ్యమైనదిగా మే మెంచుచున్నాము. పట్టములు పుచ్చుకొని పని దొరకక తిరుగుచున్న యువకుల కాలమది. ప్రేక్షకుడు నవ్వుచునే తన యింటి సంగతిని చూచుకొనియుండును.

ఐతే వేషము వెల ఇరువురికి సమానము కాలేదు. రావు భర్తగా నటించుటయందు ఒక వినోదమును కనుగొనును. వాని పేరు మాఱదు, మతము మాఱదు. మేరీ మాత్రము తనది కాని యాచారములో, తనది కాని బొట్టుతో, పరుని భార్యగా దినదినమును గడపవలెను. ఆమె చిఱచిఱలన్నియు ప్రేక్షకునకు హాస్యముగా తోచునట్లు చిత్రము మలచినది. కాని సావిత్రి ముఖము నొకింత నిదానించి చూచినవారికి ఆ కోపములోని భయము కనబడకపోదు. తుదకు ఆమె జమీందారుగారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మియే యని తేలును. అప్పుతెచ్చి పెట్టిన చిక్కులు, మతభేదము, అబద్ధపు దాంపత్యము – అన్నియు ఒక్క జన్మరహస్యముతో విడిపోవును. ఆమె ధరించిన వేషమే ఆమె నిజమనుట చమత్కారమే. కాని క్రైస్తవురాలైన మేరీని హిందువైన రావు పెండ్లాడగలడా యను ప్రశ్నను చిత్రము తానే లేవనెత్తి, తానే తప్పించుకొనినది. ఈ విషయమున చిత్రము ధైర్యము చాలలేదని మా యభిప్రాయము.

గుండమ్మ కథను గూర్చి రెండు మాటలు చాలును. ధనికుని కుమారుడు పనివాడై చేరి పిండి రుబ్బును. వాని తమ్ముడు పెండ్లియైన పిదప బీదతనము నటించి భార్యకు బుద్ధి చెప్పును. వేషము వారి కొక వేడుక, ఎప్పుడు కావలసిన నప్పుడు విప్పివేయవచ్చును. ఇంటికి పెద్దకూతురై యుండియు పనికత్తెగా బ్రదుకుచున్న లక్ష్మికి మాత్రము విప్పుటకు వేషమే లేదు. ఆమె నిజజీవితమే వారికి వేషమైనది.

నర్తనశాలలో కథ మరల విరాటపర్వమునకు వచ్చినది. కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు, సముద్రాల రాఘవాచార్యులవారు రచయితలు. తిక్కనగారి అజ్ఞాతవాసములో ఒక సూక్ష్మము గలదు: ఎవరును తమకు రాని పనిని వేషముగా గ్రహింపలేదు. ధర్మరాజునకు జూదము, భీమునకు వంట, నకులునకు గుఱ్ఱములు, సహదేవునకు గోవులు. ఊర్వశి శాప మర్జునునకు అక్కఱకు వచ్చినది. వేషము వారి విద్యకు మఱొక పేరు మాత్రమే. రామారావుగారి బృహన్నలయందు ఈ భావము నిలిచినది. కృష్ణుడుగా రాముడుగా ప్రజలు కొలిచిన నటుడు అపహాస్యమునకు తావీయక ఆ పాత్రను నడపుట మెచ్చదగినది. కాని ఆఱుగురు వేషధారులలో ఆపద వచ్చినది సైరంధ్రికి మాత్రమే. వలలుని వంటశాలలో ఎవ్వరును చేయిపట్టలేదు. సైరంధ్రి తాను ద్రౌపదినని చెప్పుకొనిన కీచకుడు వెనుదీయునేమో. చెప్పినయెడల పండ్రెండేండ్ల వనవాసము మరల మొదలగును. రహస్యము కాపాడు భార మెవరిమీద నెంత పడినదో సావిత్రి యభినయము చెప్పుచున్నది. ఆమెకెదురుగా నిలిచిన కీచకపాత్రకు రంగారావుగారు 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటులుగా సమ్మానింపబడిరి.

ఇక ద్విపాత్రాభినయము. ఇది ఛాయాగ్రాహకుని విద్య. కెమెరాను కదలకుండ బిగించి, కటకమునకు ముందు సగభాగము నల్లని యడ్డుతో కప్పి, నటుని ఒక పాత్రగా చిత్రింతురు. పిదప ఆ ఫిల్మునే వెనుకకు చుట్టి, కప్పిన సగమును తెఱచి, తెఱచిన సగమును కప్పి, ఆ నటునే రెండవ పాత్రగా చిత్రింతురు. నడిమి గీటును నటుడు దాటరాదు. అర్ధనారీశ్వర వేషగాని చేతి గుడ్డకును ఈ నల్లని యడ్డునకును గల పోలిక మమ్ము చాలకాలమునుండి ఆకర్షించుచున్నది. ఒకటి రెండవదానినుండి పుట్టెనని మే మనుటలేదు. విద్య పరదేశమునుండియే వచ్చినది. దానిని చూచి యానందించుటకు తెలుగు కన్ను ముందుగనే సిద్ధమై యుండెనని మాత్ర మనుచున్నాము.

ఆదుర్తి సుబ్బారావుగారి ఇద్దరు మిత్రులలో నాగేశ్వరరావుగారు అజయ్, విజయ్ అను నిరువురుగా కనబడుదురు. ఒకడు చిక్కులలో పడిన ధనికుడు, మఱొకడు పనిలేని చదువరి. ఇరువురును తావులు మార్చుకొందురు. వారు కవలలు కారు; రూపసామ్యము కేవలము యాదృచ్ఛికము. తుదిని రక్తసంబంధము చూపి ముడివిప్పు సులభోపాయమును విడిచినందుకు ఈ చిత్రమును మేము రాముడు భీముడుకంటె సాహసవంతమైనదిగా తలంతుము.

రాముడు భీముడు తాపీ చాణక్యగారి దర్శకత్వమున, డి.వి. నరసరాజుగారి రచనతో 1964లో వెలువడినది. డి. రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ తొలిచిత్రము. బావ కొరడాకు లొంగి పడియుండు రాముని తావునకు భీముడు వచ్చి ఆ కొరడాతోనే బావకు బుద్ధిచెప్పును. పరుని పేరుతో వచ్చినవాడు ఆ పేరుగలవాడు చేయలేని పనిని చేయుట మాయాబజార్ లోని పెండ్లిపీటల ఘట్టమునకు సాంఘికరూపమే. ఇచ్చట మాత్ర మాఖరున కవలలని తేలును; మిస్సమ్మ ముగింపే మరల వచ్చినది.

ఈ కథ మాత్రము తెలుగునాటనే ఆగలేదు. చాణక్యగారే దానిని 1965లో తమిళమున ఎంగ వీట్టు పిళ్ళైగాను, 1967లో హిందీలో రామ్ ఔర్ శ్యామ్ గాను తీసిరి. మొదటిదానిలో ఎం.జి. రామచంద్రన్, రెండవదానిలో దిలీప్ కుమార్ ద్విపాత్రలు ధరించిరి. ఆ హిందీ చిత్రపు ఛాయలో స్త్రీని నడుమనుంచి 1972లో సీతా ఔర్ గీతా వచ్చెను. అది తెలుగునకు తిరిగి వచ్చి 1973లో వాణిశ్రీగారి గంగ-మంగ యైనది. శశిరేఖ నిద్రించియుండగా ఆమె రూపమున జరిగిన తిరుగుబాటు, ఒక స్త్రీ మఱొక స్త్రీ పేరుతో చేయు తిరుగుబాటుగా మాఱుటకు పదునాఱేండ్లు పట్టెను. నడుమ కథ మద్రాసునుండి బొంబాయి వెళ్లి రావలసివచ్చెను. ఈ అయిదు చిత్రముల సంభాషణలను ప్రక్కప్రక్కన నుంచి, భీముడు బావతో పలికిన మాటలలో నేవి మంగ నోట నిలిచినవో, ఏవి తొలగింపబడినవో పోల్చి చూచుపని ఇంకను మిగిలియున్నది.