డబ్బా వెనక చెక్క

ఆవాజ్ తారీఖ్ రాసేవాళ్లు పాడినవాళ్లను యాద్ చేసుకుంటారు, వాయించినవాళ్లను యాద్ చేసుకుంటారు. డబ్బా చేసిన వడ్రంగి పేరు ఎక్కడా రాదు. గిటార్ ఆంప్లిఫైయర్ కథలో మాత్రం సగం ఫైసలా అతని చేతిలోనే ఉంది. స్పీకర్ డబ్బాకు వెనక చెక్క కొట్టాలా, ఖాళీగా వదిలేయాలా?

ఈ సవాల్ మనకు కొత్తది కాదు. దఫ్‌కు ముందు తోలు, వెనక ఖాళీ. నగారాకు తోలు కింద బంద్ చేసిన గిన్నె. దఫ్ దగ్గర కూర్చున్న మహ్‌ఫిల్‌కు హాయి. నగారా మోత దూరం పోతుంది. అందుకే కోటల నక్కార్‌ఖానాల్లో నగారాకు జాగా దొరికింది. హైదరాబాద్ నౌబత్ పహాడ్ పేరులో ఆ మోత ఇంకా ఉంది.

కారణం సాఫ్‌గానే ఉంది. తోలు కానీ, స్పీకర్ కాగితం కానీ ముందు గాలిని తోసినప్పుడు అదే క్షణంలో వెనక గాలిని లాగుతుంది. రెండూ ఒకదానికొకటి ఉల్టా. వెనక తెరిచి ఉంటే ఆ ఉల్టా ఆవాజ్ డబ్బా అంచు చుట్టి ముందుకొచ్చి, ముందుదాన్ని తగ్గిస్తుంది. ఈ నుక్సాన్ మంద్ర స్వరాలకే ఎక్కువ. గిటార్ లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు ఊగుతుంది. ఆ అల పొడవు 4 మీటర్లు దాటుతుంది. రెండడుగుల డబ్బా దానికి అడ్డే కాదు.

1925లో అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ నేటి తరహా కాగితపు స్పీకర్‌ను చూపించారు. ముందు వెనకల మధ్య పర్దాలా ఒక చెక్క ఉండాలని అప్పటికే తెలుసు. అయినా రేడియోల వెనక భాగం పూర్తిగా మూయలేదు. మన బుజుర్గుల వాల్వు రేడియోలు గుర్తున్నాయి కదా? వెనక చిల్లుల అట్ట, లోపల ఎర్రగా వెలిగే వాల్వులు. వేడి బయటికి పోవాలి, మెకానిక్ చెయ్యి లోపలికి పోవాలి.

కాలిఫోర్నియా ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ కూడా రేడియో మెకానికే. 1938లో రిపేరు దుకాణం పెట్టాడు. తర్వాత అతను చేసిన ఆంప్లిఫైయర్లలో వాల్వులూ స్పీకరూ ఒకే డబ్బాలో, వెనక తెరిచి ఉండేవి. పూర్తిగా రేడియో ఖాన్‌దాన్ పోలికే! ఆవాజ్ వెనక గోడకు కూడా తగిలి గది నిండా పరుచుకుంటుంది. తేలిగ్గా, విప్పారినట్టు ఉంటుంది.

1962లో లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ ఇంకో దారి పట్టాడు. ఆయన డ్రమ్ములు నేర్పే ఉస్తాద్, సాజ్‌ల దుకాణం నడిపేవాడు. రెండు స్పీకర్లు తన ఆంప్లిఫైయర్ జోరుకు ఆగలేదు. దాంతో 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు నాలుగు ఒకే డబ్బాలో బిగించి, వెనక చెక్క కొట్టేశారు. వాల్వులు పైన వేరే పెట్టెలో ఉన్నాయి కాబట్టి వేడి ఫికర్ లేదు. లోపల చిక్కిన గాలి స్ప్రింగులా స్పీకర్ కాగితాన్ని పట్టుకుంటుంది. మంద్రం బిగువుగా, దెబ్బ సూటిగా ఛాతీకి తగులుతుంది. పక్కన నిలబడ్డవాడికి మాత్రం ఆ మజా తక్కువే. రాక్ సంగీతం పెద్ద మైదానాలకెక్కింది ఈ బంద్ డబ్బాలతోనే.

ఏది బెహతర్ అంటే జవాబు జాగాను బట్టి ఉంటుంది. మీ పిల్లాడు గిటార్ షౌఖ్‌తో వెనక తెరిచిన డబ్బా తెస్తే, గోడకు ఆనించకుండా కొంచెం ముందుకు జరిపి వినండి. ఫరక్ చెవికే తెలుస్తుంది, పైసా ఖర్చుండదు. మా పగిడ్యాల నుంచి నంద్యాల దాకా షాదీల్లో ఆవాజ్ నచ్చకపోతే ముందు అడిగేది ఇంకో వంద వాట్లు. డబ్బా వైపు చూసేవాళ్లు తక్కువ. మొహల్లా చెవులు మాత్రం ఆ వాట్ల భారం మోస్తాయి.

రేడియో మరమ్మతు, వడ్రంగం చేసిన బుజుర్గులు మీ ఇంట్లో ఉంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఏ చెక్క వాడారు, ఎంత మందం, వెనక ఎందుకు తెరిచారు, ఎందుకు మూశారు? చెప్పింది రాసి పెట్టుకోండి. వాళ్ల ఇల్మ్ ఏ కితాబ్‌లోనూ లేదు, వాళ్ల వేళ్లలోనే ఉంది.